ముంత వంతు

పన్నెండిళ్ళ ముంత మాది.
నెలకో గడప తొక్కుతుంది.
మిఖాయేలు దూత పేరున, ప్రతి నెలా పన్నెండో నాడు,
ఎవరి వంతైతే వాళ్ళు రొట్టె కాల్చి, బార్లీ పులియబెడతారు.
తెల్లా అని పేరు దానికి,
రంగు మాత్రం మాడిన గింజ నలుపు.
తక్కిన పదకొండిళ్ళూ వచ్చి కూర్చుంటాయి.
మెన్జ్ మిట్టల మీద చలికి ఇంతకు మించిన మందు లేదంటుంది
ముసలి యెషిమెబెత్.
ఆమెకు చూపు పోయి ఎన్నాళ్ళో,
నాలుక మాత్రం ఉంది.

ఎద్దు చస్తే తన ఎద్దును కట్టేదీ,
మనిషి పోతే రాతినేలలో గొయ్యి తవ్వేదీ ఈ పన్నెండిళ్ళే.
లెక్కల పుస్తకం నా దగ్గరుంటుంది.
అందుకే తెలుసు, ఈ హిదార్ నెల దెబ్రితుదని.
వెన్ను పాలుపోసుకునే వేళ
వడగళ్ళు ఆమె చేనునే వెతుక్కుని పడ్డాయనీ తెలుసు.
"ఈసారికి నన్ను దాటెయ్యండి" అనడానికి
రెండుసార్లు మా వాకిట్లోకి వచ్చింది.
రెండుసార్లూ ఉప్పు అడిగి వెళ్ళిపోయింది.

వెళ్ళాం.
యూకలిప్టస్ పొగ. గొర్రెచర్మాల మీద ఒకరి మోకాలికి ఒకరి మోకాలు.
నా ఎడమ పక్క చోటొక్కటే మిగిలింది.
ఆలస్యంగా వచ్చిన కస్సాయె అక్కడే కూలబడాల్సి వచ్చింది.

మా ఇద్దరికీ తొమ్మిది నెలలుగా మాటల్లేవు.
మూరెడు కాలువ.
అందులో నీళ్ళు పారేది కూడా ఏడాదికి మూడు నెలలే.
గుడిలో ఒకే సిలువను ముద్దుపెట్టుకుంటూ వచ్చాం
ఇన్ని ఆదివారాలూ,
అతని పెదాల తడి ఆరేదాకా ఆగి, నేను.

అబ్బ తెకెస్తె ముంత మీది గుడ్డ తీసి దీవించాడు.
తాగి, ఒక్క క్షణం ఆగి, పక్కకిచ్చాడు.
ముంత చేతులు మారింది.
తాగినవాళ్ళంతా మీసం తుడుచుకుని పొయ్యి వైపు చూశారు.
యెషిమెబెత్ దగ్గరికొచ్చేసరికి
"నీళ్ళు!" అంది, ఇంటికప్పుకు వినబడేలా.
"గెషో ఆకు వేసి కాచిన నీళ్ళు!"

దెబ్రితు మసిగుడ్డను మడిచింది.
విప్పి మళ్ళీ మడిచింది.

"ఇంకో గుక్క పొయ్యండి" అంది యెషిమెబెత్.
"వడగళ్ళ నీళ్ళే అయితే ఇందులో నాదీ వాటా ఉంది,
మా కప్పు మీద కూడా పడ్డాయిగా."
ముందు అబ్బ నవ్వాడు.
ఆ తర్వాత, ఎందుకో, దెబ్రితు.

ముంత కస్సాయె చేతికొచ్చింది. తాగాడు.
చేతికే ఇవ్వాలి, నేల మీద పెట్టకూడదు. తాతలనాటి కట్టు.
మాటల్లేని చేయి మాటల్లేని చేతికి ఇవ్వకూడదు. అది ఇంకా పాత కట్టు.
అందరికీ తెలుసు. ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.
ముంత బరువుకి అతని మణికట్టు వణకడం చూశాను.
నేనైనా నోరు విప్పొచ్చు.
నేను పొగను చూస్తున్నాను.

"వర్కూ" అన్నాడు చివరికి,
"నీ గాడిద కుంటుతోంది. చూసుకో."

అందుకున్నాను.
నీళ్ళు గోరువెచ్చగా, చేదుగా ఉన్నాయి.

తర్వాత పుస్తకం తీసి రాశాను:
హిదార్ పన్నెండు. దెబ్రితు. ఇచ్చింది.
ఏమిటి, ఎంత అనే గడులు
ఆ పుస్తకంలో గీసినవాడెవడో గీయలేదు.
మరిచిపోయాడనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ.

వచ్చే నెల వంతు నాది.
ఖాళీ ముంత నా భుజానికెక్కింది.
చీకట్లో కస్సాయె ముందు నడిచాడు.
వెనక్కి తిరగలేదు, మరో మాట లేదు,
కాగడా మాత్రం వీపు వెనక్కి పట్టుకున్నాడు
కాలువ దాటేదాకా.

తెల్లారి చూశాను.
గాడిద గిట్టలో నిజంగానే రాయి ఉంది.